జంతికలకు పాత నూనె వాసన: వేయించే వరుస మార్చి చూడండి

వనస్పతి మాని గానుగ నువ్వుల నూనె వాడినా జంతికలు వారానికే పాత నూనె వాసన వేస్తున్నాయంటే, అరిసెలు, పోకుండలు వేయించిన మూకుడులోనే వాటిని వత్తి ఉంటారు. రాలిన బెల్లం, పిండి నలుసులు అడుగున మాడి నూనెను త్వరగా చెడగొడతాయి.

1. ముందు జంతికలు, చివర అరిసెలు వేయించండి. విజయనగరంలో మా ఇంట సంక్రాంతికి ఇదే వరుస.

2. చాలామంది మరచేది ఇదే: ప్రతి వాయి తరువాత అడుగున చేరిన నలుసులను చిల్లుల గరిటెతో తీసివేసి, వంట ముగిశాక చల్లారిన నూనెను పలుచని గుడ్డలో వడకట్టాలి. నురగ తగ్గకపోయినా, కాగకముందే పొగ లేచినా ఆ నూనెను కూరలోకి సైతం వాడవద్దు (పారబోయడానికి ప్రాణం ఒప్పదు, నాకు తెలుసు).

3. గానుగ నూనె తక్కువ వేడికే పొగ కడుతుంది గనుక దానిని పోపులకు ఉంచి, పిండివంటలకు రిఫైన్డ్ వేరుశెనగ నూనె తీసుకోండి. వనస్పతిలో గుండెకు చేటు చేసే ట్రాన్స్ కొవ్వు 2 శాతం మించరాదని 2022 నుంచి నిబంధన ఉన్నా, సంతృప్త కొవ్వు మాత్రం అందులో ఎక్కువే. మళ్లీ దాని జోలికి వెళ్లనవసరం లేదు.

4. జంతికలు పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టండి.