కోడింగ్ రాకపోయినా ఈ పని వదులుకోకండి

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఇరవై మంది పనిచేసే చిన్న కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. "మన దగ్గర సాఫ్ట్‌వేర్లు ఎక్కువైపోయాయి, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో చూడు" అని ఓనరు గారు నాకు అప్పగించారు. నాకు కోడింగ్ రాదు. దీనివల్ల కెరీర్‌కి ఉపయోగం ఉంటుందా, లేక అకౌంట్స్‌లో వేరే పని అడగమంటారా?

జవాబు: అడగొద్దు, ఇదే చేయండి. దీనికి కావలసింది కోడింగ్ కాదు, బిల్లులు ఓపిగ్గా చదవడం, మనుషుల్ని సరైన ప్రశ్న అడగడం. మొదటిది మీ చదువులోనే ఉంది.

ముందు కంపెనీ బ్యాంకు, క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్లు ఏడాదివి మొత్తం తీసుకోండి. ఒక్క నెలది చూస్తే చాలదు, చాలా సబ్‌స్క్రిప్షన్లకి ఏడాదికి ఒకసారే డబ్బు కట్ అవుతుంది. ప్రతిదానికీ ఎంత కడుతున్నారు, ఎన్ని లైసెన్సులున్నాయి, రెన్యువల్ ఎప్పుడు, అడ్మిన్ ఎవరు అన్నది ఒక షీట్‌లో రాయండి. అడ్మిన్ ఎప్పుడో మానేసిన ఉద్యోగి అని తేలితే, అదీ అతని సొంత మెయిల్‌తో తెరిచిన అకౌంట్ అయితే, మిగతా పని ఆపి ముందు దాన్ని కంపెనీ మెయిల్ మీదికి మార్పించండి. ఉచితంగా వాడేవి బిల్లులో కనపడవు కాబట్టి వాటి గురించి అందరినీ విడిగా అడగాలి.

అయితే అసలు సంగతి డబ్బు కాదు. ఆర్డర్లు చూసే ఆవిడ పక్కన ఒక పూట కూర్చోండి. ఫారంలో వచ్చిన ఆర్డరుని షీట్‌లోకి ఎక్కిస్తుంది, అదే మళ్ళీ పనుల లిస్టు పెట్టుకునే ట్రెల్లోలో ఒక కార్డు మీద రాస్తుంది, ఆపైన ఆఫీసు చాట్ యాప్ స్లాక్‌లో మెసేజ్ పెడుతుంది. కస్టమరు ఫోన్ నంబరు మారిందంటే మూడు చోట్లా మార్చాలి, హడావుడిలో రెండు చోట్లే మారుతుంది, డెలివరీకి వెళ్ళినతను పాత నంబరుకే ఫోన్ చేస్తూ ఉంటాడు. ఇలాంటి నష్టం ఏ స్టేట్‌మెంట్‌లోనూ దొరకదు. అందుకే "ఈ టూల్ వాడుతున్నారా" అని అడగకండి, అందరూ అవుననే అంటారు. "నిన్న ఇందులో ఏం చేశారో ఒకసారి చూపించండి" అనండి. కస్టమర్ల వివరాలు ఎక్కడుండాలి, ఫైళ్ళు ఎక్కడుండాలి, పనుల లిస్టు ఎక్కడుండాలి, ఒక్కోదానికి ఒక్కటే చోటు తేల్చుకుంటే ఏ టూల్ అక్కర్లేదో దానంతటదే బయటపడుతుంది.

ఇప్పటికే కడుతున్నదాంట్లో ఏమేం వస్తాయో కూడా చూడండి. గూగుల్ వర్క్‌స్పేస్‌కి డబ్బు కడుతుంటే మీట్ (వీడియో కాల్స్), చాట్, డ్రైవ్ (ఫైళ్ళు దాచుకునే చోటు) అందులోనే ఉంటాయి. అప్పుడు జూమ్, డ్రాప్‌బాక్స్ విడిగా ఎందుకని అడగొచ్చు. క్లయింటు జూమే కావాలంటే ఒక్క లైసెన్సు ఉంచుకోండి, ఉచిత ప్లాన్‌లో మీటింగ్ 40 నిమిషాలకే ఆగిపోతుంది.

తీసేసేటప్పుడు మాత్రం తొందర వద్దు. డేటా ఎక్స్‌పోర్ట్ చేసి, ఆ ఫైలు తెరిచి చూశాకే క్యాన్సిల్ చేయండి, ఎందుకంటే సీఎస్‌వీలో (ఎక్స్‌పోర్ట్ చేస్తే తరచూ వచ్చే మామూలు టేబుల్ ఫైలు) అక్షరాలు వస్తాయి కానీ అటాచ్‌మెంట్లు రావు. డబ్బు కట్టడం ఆపి ఉచిత ప్లాన్‌లోకి దిగుదామనుకున్నా జాగ్రత్తే: స్లాక్ ఉచిత ప్లాన్‌లో గత 90 రోజుల మెసేజ్‌లే కనపడతాయి, ఏడాది దాటినవి చెరిగిపోతాయి. ఒకదాని తర్వాత ఒకటి తీయండి. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్‌ని లెక్కలు ముగించే నెలలో ముట్టుకోకండి.

ఇక కెరీర్ మాట. బిజినెస్ అనలిస్ట్, ఆపరేషన్స్, ప్రొక్యూర్‌మెంట్ (కంపెనీకి కావలసినవి కొనే విభాగం) ఉద్యోగాల్లో అడిగేది ఈ పనినే. కంపెనీ కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ల లెక్క చూసుకునే ఐటీ అసెట్ మేనేజ్‌మెంట్ అని ఒక రంగమే ఉంది, దానికి ఐఎస్‌ఓ/ఐఈసీ 19770 అనే అంతర్జాతీయ ప్రమాణం కూడా ఉంది. ముందు ఎన్ని టూల్స్ ఉండేవి, ఇప్పుడెన్ని, ఏది ఎందుకు ఉంచారు, ఏ పనికి ఎంత టైమ్ తగ్గింది, ఇవన్నీ రెండు పేజీల్లో రాసి పెట్టుకోండి. కంపెనీ అంకెలు బయట చెప్పేముందు ఓనరు గారి అనుమతి తీసుకోండి. ఎక్సెల్‌లో పివోట్ టేబుల్స్ (పెద్ద లిస్టుని గుంపులుగా కూడి చూపేవి), ఆ తర్వాత కొంచెం ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు అడిగే భాష) నేర్చుకుంటే చాలు, ప్రస్తుతానికి వేరే కోర్సులకి డబ్బు పెట్టకండి.

ఈ వారమే ఓనరు గారిని రెండు విషయాలు అడగండి. ఒకటి, స్టేట్‌మెంట్లు చూసే అనుమతి. రెండోది, ఇద్దరు సీనియర్లు ఎవరి టూల్ వాళ్ళకే కావాలని పట్టుబడితే చివరి మాట ఎవరిదని. రెండోదానికి జవాబు రాకుండా ఒక్క అకౌంట్ కూడా క్యాన్సిల్ చేయకండి.