కొత్త దీపపు పురుగు జాతిని ఎలా నిర్ధారిస్తారు?

రంగు, రెక్కల మీది చారలు వేరుగా ఉన్నంత మాత్రాన కొత్త జాతి అయిపోదు. ఒకే జాతిలోనే రంగులు మారుతుంటాయి. మొక్కల రసం పీల్చే దీపపు పురుగుల (లీఫ్‌హాపర్ల) కుటుంబంలో పచ్చదోమ కూడా చేరుతుంది; అందులో ఇప్పటికే 20,000కు పైగా జాతులకు పేర్లున్నాయి. వెనక కాళ్ల పొడవునా వరుసలుగా ముళ్లుంటే కుటుంబం తెలుస్తుంది. జాతి తేలేది చాలావరకు మగ పురుగు జననాంగాల ఆకారంతోనే.

అందుకోసం పొట్ట భాగాన్ని విడదీసి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచుతారు. మెత్తటి కణజాలం కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. వాటిని గ్లిజరిన్ చుక్కలో వేసి, సన్నని సూదితో తిప్పుతూ, మైక్రోస్కోపు కింద చూసి బొమ్మ గీస్తారు. కొస ఎటు వంగింది, పక్కన కొమ్ములున్నాయా, ఉంటే ఎన్ని అన్నదే చూడాలి. ఆడ పురుగు మాత్రమే దొరికితే చాలాసార్లు పని అక్కడే ఆగిపోతుంది.

అసలు ఓపిక కావలసింది తర్వాతే. దగ్గరి జాతుల పాత వర్ణనలు, మ్యూజియం నమూనాలు అన్నిటితో పోల్చాలి. తేడా నిలబడితే ఒక్క పురుగును ప్రామాణిక నమూనాగా ప్రకటించి, భద్రపరచిన చోటు చెప్పి, పేరుతో సహా వర్ణన ప్రచురించాలి.

ఉగాండాలోని కిబాలే అడవిలో 2018లో దొరికిన ఫ్లోగిస్ కిబాలెన్సిస్ అనే దీపపు పురుగు వర్ణన 2022లో గాని రాలేదు. ఫ్లోగిస్ ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పురుగు అంతకు ముందు కనిపించింది 1969లో, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్‌లో. లోహపు మెరుపున్న కిబాలెన్సిస్ ఒళ్లంతా చిన్న చిన్న గుంటలే.