బొమ్మల కథల అంగడి పెట్టిన కూతురికి చిన్నాన్న ఉత్తరం

చిరంజీవి తల్లికి చిన్నాన్న ఆశీస్సులు.

వచ్చే మూడు నెలలకు నువ్వు వేసుకున్న ప్లాన్ మీ నాన్న వాట్సాప్‌లో పంపించాడు. ప్రతి ఆదివారం ఏదో ఒక కార్యక్రమం, కాస్‌ప్లే (కథల్లోని పాత్రల వేషాలు కట్టడం) పోటీ, అన్ని పుస్తకాల మీద 20 శాతం తగ్గింపు, వారానికి రెండు రివ్యూలు. నీ ఉత్సాహం చూస్తే కడుపు నిండింది. కడపలో అచ్చంగా కామిక్స్ కోసమే ఒక అంగడి ఉంటే బాగుండునని నాకు ఎప్పటినుంచో ఉంది. అద్దె పుస్తకాల అంగడి నడిపి, పిల్లల్నీ పెద్దల్నీ ఇన్నేళ్లు దగ్గర్నుంచి చూసినవాడిగా నాకు తోచింది రాస్తున్నా. ఇక నీ ఇష్టం.

ఈ వ్యాపారంలో పుస్తకం కావాలనేది ఒకరు, డబ్బులిచ్చేది ఇంకొకరు. పిల్లవాడు పుస్తకం పట్టుకుని అరమర దగ్గర నిలబడి ఉంటాడు. వాళ్ల నాన్న లోపలికి కూడా రాకుండా బండి తాళం చేతిలో తిప్పుకుంటూ గుమ్మం దగ్గరే ఉంటాడు. ఇది చదివితే ఏమొస్తుందని ఆయన పైకి అడగకపోయినా మొహంలో కనిపిస్తూనే ఉంటుంది. నువ్వు పెట్టే కార్యక్రమమైనా, ఆఫరైనా, రాసే రివ్యూ అయినా ఆ ఇద్దరికీ తగలాలి. నీ ప్లాన్‌లో పిల్లలకు కావలసింది బోలెడు ఉంది. గుమ్మం దగ్గర నిలబడిన మనిషికి మాత్రం ఏమీ లేదు.

అందుకే మొదటి కార్యక్రమం కాస్‌ప్లే వద్దు. జులైలో చందమామ సాయంత్రం పెట్టు. చందమామ మొదటి సంచిక 1947 జులైలో వచ్చింది. దాన్ని చక్రపాణి గారితో కలిసి నడిపిన బి. నాగిరెడ్డి గారిది మన జిల్లా పొట్టిపాడు. ఈ సంగతి కడపలో పెద్దవాళ్లకు కొందరికైనా గుర్తుంటుంది, పిల్లల్లో ఎవరికీ తెలియదు. గుమ్మం దగ్గర నిలబడే ఆ నాన్నలందరూ ఒకప్పుడు చందమామ కోసం ఇంట్లో అన్నాచెల్లెళ్లతో కొట్లాడినవాళ్లే. పాత సంచికలను ఏడాదికి ఒక బైండు చొప్పున కుట్టించి దాచుకున్న ఇళ్లు మన ఊళ్లో ఇంకా ఉన్నాయి. ఆ బైండు తెచ్చి చూపించమని పిలువు. తెచ్చినవాళ్లను పది నిమిషాలు మాట్లాడనివ్వు, అంతే. భుజాన శవాన్ని వేసుకుని, చేత కత్తి పట్టుకుని నడిచే విక్రమార్కుడి బొమ్మ గీసిన శంకర్ గారు 2020లో పోయారు, మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆయన గీత ఒకటి, వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రం ఒకటి పక్కపక్కన పెట్టి, ఈ రెండింటిలో తేడా ఏముందో చెప్పమని పిల్లల్ని అడుగు. మాంగా, అంటే జపాన్ బొమ్మల కథలు, చదివే పిల్లలకు గీత మీద చూపు బాగా ఉంటుంది. వాళ్లు చెప్పేది విని పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. బొమ్మల కథ అంటే కాలక్షేపం కాదని నువ్వు ఒక్క మాట చెప్పనక్కరలేదు, వాళ్లకే అర్థమవుతుంది.

ఒక జాగ్రత్త. ఆ పాత సంచికల పీడీఎఫ్‌లు తీసి ప్రింటు కొట్టి అమ్మేవాళ్లు నీ దగ్గరికీ వస్తారు. ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు. కాపీ సరుకు ఒకటి దొరికినా మిగతా అరమరలన్నింటి మీదా అనుమానం పడుతుంది.

రెండో కార్యక్రమంగా నాలుగు గళ్ల కథ పెట్టు. ఖర్చు దాదాపు లేదు. ఒక ఏ4 కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి విప్పితే నాలుగు గళ్లు వస్తాయి. స్కేలు కూడా అక్కరలేదు. మొదటి గడిలో ఎవరో ఒకరు, రెండో గడిలో చిక్కు, మూడో గడిలో ఆ చిక్కు ఇంకా ముదరాలి, నాలుగో గడిలో తేలిపోవాలి. ఇంతే చెప్పి వదిలెయ్. మాటలు తెలుగులో రాసినా, ఇంగ్లీషులో రాసినా, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉర్దూలో రాసినా సరే. ఫస్టు, సెకండు అని బహుమతులు పెట్టొద్దు. ఒక పిల్లకు కప్పు ఇచ్చి ఇరవైమంది పిల్లల్ని చిన్నబుచ్చి పంపించడం మనకెందుకు? అన్ని కాగితాలూ గోడకు అంటించి, కింద పేరు, తరగతి రాయి. నెలంతా ఉంచు. ఆ నెలలో ప్రతి పిల్లా వాళ్ల అవ్వనూ తాతనూ వెంటబెట్టుకుని చూపించడానికి వస్తుంది. అలా వచ్చినవాళ్లలో కొందరు కొంటారు, కొనకపోయినా అంగడి ఎక్కడుందో తెలుస్తుంది.

కాస్‌ప్లే మానేయమని కాదు. ఢిల్లీలో 2011లో మొదలైన కామిక్ కాన్ అనే, వేషాలు కట్టి వెళ్లే కామిక్స్ ఉత్సవం తర్వాత హైదరాబాద్‌కూ వచ్చింది. మన పిల్లలూ అక్కడికి వెళ్లొస్తున్నారు. ఆ డ్రస్సుల ఖర్చు మాత్రం ఇంటివాళ్లకు భారం. పోటీ పెడితే డబ్బున్న ఇంటి పిల్లే గెలుస్తుంది. ఇంట్లో ఉన్న దుప్పటి, అట్టపెట్టె, రంగు కాగితాలతోనే వేషం కట్టాలని షరతు పెట్టు. పిల్లల తెలివి అప్పుడు బయటపడుతుంది.

ప్రతి ఆదివారం అన్నావే, అది వద్దు. నెలకు ఒకటి చాలు, అది తప్పకుండా జరగాలి. నలుగురు వచ్చినా జరపాల్సిందే. ఆ నలుగురూ రేపు నలభైమందికి చెప్పేవాళ్లు. తేదీలు కడప లెక్క ప్రకారం చూసుకో. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు ఉంటాయి గానీ, మధ్యాహ్నం ఎండలో పిల్లల్ని ఎవరూ బయటికి పంపరు. ఆ రోజుల్లో ఏదైనా పెడితే పొద్దున తొమ్మిదికి ముందో, సాయంత్రం ఐదున్నర తర్వాతో. పదో తరగతి పరీక్షలప్పుడు అసలు వద్దు. రంజాన్ నెలలో సాయంత్రం కార్యక్రమం పెడితే సగంమంది పిల్లలు ఇఫ్తార్ వేళకు లేచి వెళ్లిపోవాల్సి వస్తుంది, అందుకని పొద్దున పెట్టు. రథసప్తమినాడు దేవుని కడప రథం, పెద్ద దర్గా ఉరుసు రోజులూ ముందే క్యాలెండర్లో గుర్తుపెట్టుకో. ఆ జనం మనకు రారు, పైగా ఆటోలు దొరకవు.

అమెరికాలో ఫ్రీ కామిక్ బుక్ డే అని చేస్తారని రాశావు. దాని కథ నాకు ఇష్టం. కాలిఫోర్నియాలో కామిక్స్ అంగడి నడిపే ఒకాయన, పక్కన ఐస్‌క్రీమ్ ఉచితంగా ఇచ్చేరోజు జనం బారులు తీరడం చూసి ఆ ఆలోచన చేశాడు. 2002 మే నెలలో, స్పైడర్‌మ్యాన్ సినిమా విడుదలైన మరుసటి రోజే మొదటిసారి జరిపారు. ఆ తర్వాత మే మొదటి శనివారం దానికి స్థిరపడింది. నువ్వు గమనించాల్సింది ఒకటుంది. ఆ ఉచిత సంచికలు అంగడివాళ్లకు ఊరికే రావు. పబ్లిషర్లు దానికోసం ప్రత్యేకంగా వేసిన వాటిని వాళ్లు కొద్ది ధర పెట్టి కొని పంచుతారు. మనకు అలాంటి సరఫరా లేదు. అరమరలో ఉన్న పుస్తకాలు ఉచితంగా ఇస్తే నీ పెట్టుబడే పోతుంది. వచ్చే ఏడాది ఆ రోజున ఉచితంగా చదువుకునే రోజు అని పెట్టు. సెలవులకు బెంగళూరు, హైదరాబాద్ నుంచి అవ్వాతాతల ఇళ్లకు వచ్చిన పిల్లలు మే నెలలో ఊళ్లో ఉంటారు. షామియానావాళ్ల దగ్గర ముప్పై కుర్చీలు, ఒక చాప, రెండు వాటర్ క్యాన్లు చాలు. చదివే పుస్తకాలు వేరుగా పెట్టు, అవి మళ్లీ కొత్తవిగా అమ్మొద్దు. తినడానికి ఏదైనా పెడితే చదవడం అయ్యాక, బయట పెట్టు. బజ్జీ తిన్న వేళ్లతో ఒక్క పేజీ తిప్పినా ఆ నూనె మరక కింది పది పేజీలకు దిగుతుంది.

ఇక ఆఫర్ల సంగతి. వంద రూపాయల పుస్తకం మీద నీకు ముప్పై మిగులుతాయనుకో. 20 శాతం తగ్గిస్తే చేతిలో పది మిగులుతాయి. ఇదివరకు పది పుస్తకాలు అమ్మితే వచ్చే మూడు వందలు రావాలంటే ముప్పై అమ్మాలి. బాడుగ, కరెంటు బిల్లు మాత్రం తగ్గవు. పైగా ఆన్‌లైన్‌లో నీకంటే ఎక్కువ తగ్గించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు, ఆ పందెంలోకి దిగొద్దు. సిరీస్‌లలో మొదటి సంపుటి మీద మాత్రమే తగ్గించు. వన్ పీస్ లాంటి మాంగాలు వంద సంపుటాలు దాటి పోతున్నాయి, మొదటిది నచ్చితే రెండోది వాళ్లే అడుగుతారు. అలా అడిగినరోజు రెండు, మూడు నీ దగ్గర ఉండాలి. మొదటిది అమ్మి రెండోది లేదంటే ఆ పిల్లవాణ్ని నువ్వే ఆన్‌లైన్‌కు పంపినట్టు.

దానికంటే మేలైనది మార్పిడి. నీ దగ్గర కొన్న పుస్తకం, నలగకుండా, నెలలోపు తెస్తే సగం ధర ఇంకో పుస్తకంలో తగ్గించు. తెచ్చినదాన్ని పాత పుస్తకాల అరమరలో పెట్టి, ఆ సగం ధరకు పది ఇరవై కలిపి అమ్ముకో. తండ్రికి డబ్బు దండగ కాలేదనే తృప్తి, పిల్లకు పుస్తకం చక్కగా ఉంచుకునే అలవాటు. కొత్తవి కొనలేని పిల్లలు ఆ పాత అరమర దగ్గరే చేరతారు. వాళ్లను కసురుకోవద్దు, నిలబడి చదివినా చదవనీ.

ముందే అడ్వాన్స్ తీసుకునే పుస్తకాలకు ఒక లెక్కల నోటుబుక్కు పెట్టి పేరు, ఫోన్, తేదీ, ఎంత ఇచ్చారు, ఎప్పటికి వస్తుందన్నావు, అన్నీ రాయి. ఆలస్యమైతే వాళ్లు అడగకముందే నువ్వే ఫోన్ చెయ్. సరుకు వచ్చేదాకా ఆ డబ్బు గల్లాపెట్టెలో కలపొద్దు. పుస్తకాల మీద జీఎస్టీ లేదు గానీ, బొమ్మలు, టీషర్టులు, కీచైన్ల మీద ఉంది. ఆఫర్లో రెండూ కలిపి ఇచ్చేటప్పుడు బిల్లు ఎలా వెయ్యాలో ముందే ఆడిటర్ని అడుగు.

రివ్యూల విషయంలో నాకు ఎక్కువ చెప్పాలని ఉంది. ఇన్‌స్టాలో పెట్టు, వద్దనను. కానీ రివ్యూకు అసలు చోటు పుస్తకం కింద అరమర అంచు. పోస్ట్‌కార్డులో సగం ఉండే అట్టముక్క మీద చేత్తో రాయి. ఎవరికి నచ్చుతుందో, ఎవరికి నచ్చదో రెండూ ఉండాలి. ఏ వయసుకు, రంగుల్లో ఉందా నలుపు తెలుపా, కథ ఇందులోనే అయిపోతుందా ఇంకా ఉందా, ఇంగ్లీషు ఏపాటి కష్టం, ఇంట్లో పెద్దలకు ఇబ్బంది అనిపించేది ఏమైనా ఉందా. ఇలా రాస్తే బాగుంటుంది చూడు: “ఆరో తరగతి నుంచి. నలుపు తెలుపు. మొదటి ఇరవై పేజీలు నిదానం, తర్వాత ఆపలేరు. కత్తియుద్ధాలు, కొంచెం రక్తం ఉన్నాయి. చెడ్డ మాటలు లేవు. కథ మూడో భాగంలో ముగుస్తుంది.” ఇది చదివిన తల్లికి టెన్షన్ పోతుంది, నిన్ను ప్రశ్నలు అడగాల్సిన పని ఉండదు. సూపర్, అదిరింది అని రాస్తే ఏ పుస్తకానికైనా సరిపోతుంది, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

మాంగా దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. మాంగాను ఇంగ్లీషులో వేసే విజ్ వాళ్ల పుస్తకాల అట్ట మీద వయసు గుర్తు ఉంటుంది. టీ అంటే టీనేజీ పిల్లలకు, టీ ప్లస్ అంటే ఇంకొంచెం పెద్దవాళ్లకు, ఎం అంటే పెద్దలకే. వాటిని తెలుగులో రాసి గోడకు అంటించు. ఎం గుర్తువి పై అరలో పెట్టు, చిన్నపిల్లలు ఎంత బతిమాలినా ఇవ్వొద్దు. ఒక్క తల్లి కోపంగా తిరిగొచ్చి అంగట్లో నిలబడితే, ఆ వీధిలో పదిమంది తల్లులు రావడం మానేస్తారు. ఇంకొకటి, మాంగా కుడి నుంచి ఎడమకు చదవాలి. తెలియనివాళ్లు పుస్తకం తలకిందులుగా బైండు చేశారని వాపసు తెస్తారు. అమ్మేటప్పుడే చివరి పేజీ తెరిచి, మొదలు ఇక్కడ అని చూపించు. ఉర్దూ చదివే పిల్లలకు ఇది చిటికెలో వచ్చేస్తుంది.

నువ్వు చదవని పుస్తకానికి రివ్యూ రాయొద్దు. అన్నీ చదివే తీరిక ఉండదు కాబట్టి పిల్లల చేత రాయించు. తప్పులు దిద్దొద్దు, బూతు ఉంటే తప్ప ఏమీ తీసెయ్యొద్దు. ‘నాకు నచ్చలేదు’ అని ఒక పిల్ల రాస్తే అది అలాగే ఉండనీ, అమ్మకం తగ్గుతుందని చింపెయ్యకు. నచ్చలేదన్న అట్ట ఒకటి కనిపిస్తేనే మిగతా మెచ్చుకోళ్ల మీద నమ్మకం వస్తుంది. గూగుల్‌లో మన అంగడికి ఐదు చుక్కలు పెట్టమని చుట్టాలకు ఫోన్లు చేయించొద్దు. ఎవరైనా ఫిర్యాదు రాస్తే రెండు రోజుల్లో మర్యాదగా జవాబు రాసి, వాళ్ల పుస్తకం మార్చి ఇవ్వు.

చాటింపు మాట రెండు ముక్కల్లో. ఫ్లెక్సీలు వద్దు, వాటి మీద స్పైడర్‌మ్యాన్ బొమ్మ అసలే వద్దు, ఆ బొమ్మలకు హక్కుదారులు ఉన్నారు. అంగడి బయట ఒక నల్లబోర్డు పెట్టి రాబోయే మూడు సంగతులు మాత్రమే సుద్దతో రాయి. తేదీ, వారం, గంట, ఏ వయసు, ఉచితమా కాదా. అయిపోయినది ఆ సాయంత్రమే తుడిచెయ్. వాట్సాప్‌లో వారానికి ఒక మెసేజ్ దాటొద్దు. ఏడురోడ్ల నుంచి ఎలా రావాలో అందులో తప్పకుండా రాయి.

చందమామ సాయంత్రానికి నా దగ్గరున్న బైండ్లు నాలుగు పంపిస్తాను, మీ నాన్న వచ్చి తీసుకెళ్లమను. అద్దాల బీరువాలో పెట్టి, అమ్మకానికి కాదని రాసి అంటించు. కాగితం పెళుసుగా ఉంది, పేజీలు పెద్దవాళ్లే తిప్పాలి. తేదీ ఖాయం చేసి చెబితే నేనూ ముందురోజే వస్తాను. కుర్చీలు వేయించడం, కాగితాలు మడవడం నాకు వదిలెయ్.

నీ చిన్నాన్న