కుడి సీట్లోకి మారుతున్న అమ్మాయికి

అమ్మాయ్,

విమానం నడపడం నేర్పేందుకు ఏఎఫ్‌ఐ (అసిస్టెంట్ ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్) రేటింగ్ చేతికొచ్చిందట, సంతోషం. ఇకమీదట ఎడమ సీట్లో నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు ఉంటాడు. నీకు చెవిలో టవర్ కంట్రోలర్ మాట, నోట్లో పాఠం. బేగంపేటలో అయితే చెప్పనే అక్కర్లేదు. ఉత్తరాన హకీంపేట, దుండిగల్ వైమానిక దళ స్థావరాలు, దక్షిణాన శంషాబాద్. టవర్ ఇచ్చిన ఎత్తు, దిశ వదిలి ఇష్టమొచ్చినట్టు తిరిగే జాగా లేదు.

కాక్‌పిట్‌లో పనులు మూడు: నడపడం, మాట్లాడడం, నేర్పడం. మనుషులు మాత్రం ఇద్దరే. పని మీద పడ్డప్పుడు కొత్త ఇన్‌స్ట్రక్టర్లు ముందుగా వదిలేసేది రేడియోని. వదలాల్సింది పాఠాన్ని. ఫ్లేర్ (నేల తాకేముందు ముక్కు ఎత్తడం) ఎందుకు ఎక్కువైందో కిందికొచ్చాక బోర్డు మీద గీసి చెప్పుకోవచ్చు. రన్‌వే మీద ఇంకో విమానం ఉందన్న మాట కిందికొచ్చాక వింటే ఏం లాభం?

కంట్రోల్స్ ఎలా నోటితో చెప్పి అప్పగిస్తామో, రేడియోనూ అలాగే అప్పగించు. "రేడియో నాది", "రేడియో నీది", అంతే. అలా చెప్పుకోకపోతే నువ్విస్తావని వాడు, వాడిస్తాడని నువ్వు ఊరుకుంటారు. టవర్ రెండోసారి పిలిచేసరికి ఇద్దరూ ఉలిక్కిపడతారు.

1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ ఆకాశంలో సౌదీ విమానం, కజకిస్తాన్ విమానం ఢీకొని 349 మంది పోయారు. కజక్ విమానంలో కంట్రోలర్‌తో మాట్లాడే రేడియో ఆపరేటర్ వేరు, నడిపేవాళ్లు వేరు. వాళ్లకిచ్చిన ఎత్తు 15,000 అడుగులు, విమానం అది దాటి కిందికి దిగింది. నువ్వు మాట్లాడుతూ కుర్రాడు నడుపుతున్నంతసేపూ నీ విమానంలో ఉన్న ఏర్పాటూ అదే. అందుకని ఎత్తుకి గాని, హెడింగ్‌కి (దిశకి) గాని నువ్వు రీడ్‌బ్యాక్ ఇచ్చిన (టవర్ మాట తిరిగి చెప్పిన) వెంటనే అదే అంకె వాడి నోట పలికించు. పలుకుతూ ఆ మీటర్ మీద వేలు పెట్టి చూపించమను. మూడు సెకన్ల పని.

రేడియోని ఒక్కసారిగా మీద పడేయకు, వాయిదాల మీద ఇవ్వు. మొదటి సార్టీల్లో (శిక్షణ విహారాల్లో) పార్కింగ్‌లో నిలబడి ఉన్నప్పుడు మాత్రమే: స్టార్టప్ అనుమతి, టాక్సీ క్లియరెన్స్. చక్రం కదలకముందే రన్‌వే, హోల్డింగ్ పాయింట్ (రన్‌వేకి ముందు ఆగే చోటు), క్యూఎన్‌హెచ్ (ఎత్తు మీటర్ సరిచేసే పీడనం అంకె), ట్రాన్స్‌పాండర్ కోడ్ (రాడార్‌కి మనల్ని గుర్తుపట్టించే అంకె) నీబోర్డ్ (తొడకి కట్టుకునే రాతపలక) మీద రాసుకోవాలి. అది కుదిరాక రన్‌వే ఖాళీ చేసిన రిపోర్ట్ వాడికి అప్పగించు. తర్వాత డౌన్‌విండ్ (రన్‌వే పక్కన సమాంతరంగా, దిగే దిక్కుకి ఎదురుగా పోయే భాగం) కాల్, ఆపైన ఫైనల్ (రన్‌వేకి సూటిగా దిగొచ్చే భాగం) కాల్. బయటి నుంచి వచ్చి సర్క్యూట్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) చేరే కాల్ అన్నిటికన్నా చివర, ఎందుకంటే అందులో ఎక్కడున్నాం, ఎంత ఎత్తు, ఏం కావాలి అన్నీ ఒకే ఊపిరిలో రావాలి.

మైక్ భయానికి కారణం ఇంగ్లిష్ రాకపోవడం కాదు, బటన్ నొక్కాక ఆలోచించడం. ఎవరిని పిలుస్తున్నావు, నువ్వెవరు, ఎక్కడున్నావు, ఏం కావాలి: ఈ నాలుగూ మనసులో అనుకున్నాకే వేలు కదలాలి. ముందు విను, ఎవరూ మాట్లాడడం లేదని చూసుకో, బటన్ పూర్తిగా నొక్కి క్షణం ఆగి మొదలుపెట్టు. నొక్కుతూనే మాట్లాడితే కాల్‌సైన్ (రేడియోలో విమానం పేరు) మొదటి అక్షరం తెగిపోతుంది. ఒకేలాంటి కాల్‌సైన్లు రెండు గాల్లో ఉన్నప్పుడు ఆ తెగిన అక్షరమే కొంప ముంచుతుంది. ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) చెప్పే వేగం నిమిషానికి 100 మాటలు మించకూడదని. ఫోన్‌లో టైమర్ పెట్టి వాడిచేత చదివించు, తను ఎంత పరుగు పెడుతున్నాడో వాడికే తెలుస్తుంది.

అసలు ఇబ్బంది డౌన్‌విండ్‌లో. సెస్నా 172 తొంభై నాట్ల మీద నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైలు పోతుంది. ఆ కాస్త సమయంలోనే కాల్, ల్యాండింగ్ చెక్స్, ముందున్న విమానాన్ని వెతకడం. అప్పుడు కుర్రాడి ఎడమ చెయ్యి చూడు. బటన్ యోక్ (విమానం స్టీరింగ్) మీద బొటనవేలి కింద ఉంటుంది. నొక్కగానే పిడికిలి మొత్తం బిగుస్తుంది, ముక్కు లేస్తుంది, ఎడమ రెక్క వాలుతుంది. కాల్ పూర్తయ్యేసరికి యాభై, వంద అడుగులు పైకి పోయి ఉంటాడు. "ఎత్తు చూసుకో" అని అరిస్తే లాభం లేదు. ముందు ట్రిమ్ చేయించు, చెయ్యి వదిలినా విమానం నిలబడుతోందని చూపించు, అప్పుడు నొక్కమను. ఫ్రీక్వెన్సీ ఖాళీ లేకపోతే చెక్స్ ముందు కానివ్వు. కాల్ ఆలస్యమైతే "లేట్ డౌన్‌విండ్" అని రిపోర్ట్ ఇవ్వొచ్చు, దానికోసమే ఆ మాట ఉంది.

టవర్ గొంతు వినబడగానే నీ వాక్యం సగంలో ఉన్నా ఆపెయ్. అరచెయ్యి ఎత్తితే ఇద్దరూ మౌనం అని గుర్తు పెట్టుకోండి. బేస్ (డౌన్‌విండ్‌ని ఫైనల్‌తో కలిపే అడ్డం భాగం) నుంచి ఫైనల్‌కి తిరిగేటప్పుడు పాఠాలొద్దు. స్పీడ్ పడిపోతుంటే "స్పీడ్" అను, చాలు.

రన్‌వే, హోల్డ్ షార్ట్, లైనప్, టేకాఫ్, ల్యాండింగ్, క్యూఎన్‌హెచ్, కోడ్, ఎత్తు, హెడింగ్, స్పీడ్: వీటికి "రోజర్" (విన్నాను) జవాబు కాదు, మొత్తం తిరిగి చెప్పాలి. విద్యార్థి తను ఎదురుచూసే మాటే వింటాడు. "కంటిన్యూ అప్రోచ్" (దిగొస్తూ ఉండు) అంటే ల్యాండింగ్ క్లియరెన్స్ అనుకుంటాడు, "లైనప్ అండ్ వెయిట్" (రన్‌వే మీదికొచ్చి ఆగు) అనగానే చెయ్యి థ్రాటిల్ మీదికి పోతుంది. ప్రతి ఫైనల్‌లోనూ "క్లియరెన్స్ ఉంది" లేదా "లేదు" అని బయటికి అనిపించు. టేకాఫ్ అనే మాట క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు, రద్దు చేసేటప్పుడు తప్ప వాడొద్దని, మిగతా చోట్ల డిపార్చర్ అనాలని మొదటి రోజే చెప్పు. 1977లో స్పెయిన్ దీవి టెనెరీఫ్‌లో రన్‌వే మీద రెండు విమానాలు గుద్దుకుని 583 మందిని పోగొట్టుకున్నాక గట్టిపడ్డ నియమం అది.

రీడ్‌బ్యాక్ తప్పు పోతే గాల్లో వాడికి క్లాసు పీకకు. "రేడియో నాది" అని తీసుకుని "కరెక్షన్" చెప్పి సరిచెయ్. ఆర్బిట్ (గుండ్రంగా ఒక చుట్టు) చెయ్యమన్నా, రన్‌వే మార్చినా అంతే. నీకే అర్థం కాకపోతే "సే అగైన్" అనడానికి మొహమాటపడకు, "స్టాండ్‌బై" అనడానికి అసలే పడకు. గో అరౌండ్‌లో (దిగకుండా మళ్లీ పైకి లేవడంలో) పవర్, యాటిట్యూడ్ (ముక్కు ఎంత ఎత్తాలో), ఫ్లాప్స్ అయ్యాకే మైక్. కుర్రాళ్లు ముందు బటన్ వెతుకుతారు, ఆ అలవాటు మొదట్లోనే మాన్పించు.

ఫ్రీక్వెన్సీ ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే సంతోషపడకు, రేడియో మీద టీఎక్స్ (ప్రసారం అవుతోందన్న) గుర్తు వెలుగుతోందేమో చూడు. బటన్ ఇరుక్కుంటే నీ పాఠమంతా టవర్ వింటోంది, పైగా మిగతావాళ్లెవరూ మాట్లాడలేరు. ఒకసారి నొక్కి వదులు. అయినా ఆరకపోతే ఆ సెట్ కట్టేసి రెండోది వాడు. రేడియో ఫెయిల్యూర్ డ్రిల్ కోసం అసలు రేడియో సౌండ్ తగ్గించకు, విద్యార్థి హెడ్‌సెట్ తీగ మీదున్న నాబ్ తగ్గించి సైగలతో నడిపించు. రేడియో పోయిందని తెలిపే 7600 కోడ్ నోటితో చెప్పమను, ట్రాన్స్‌పాండర్‌లో మాత్రం తిప్పనివ్వకు. టవర్ లైట్లు కూడా అప్పుడే అడుగు: ఆగని పచ్చ అంటే దిగొచ్చు, ఆగని ఎరుపంటే దారిచ్చి తిరుగుతూ ఉండాలి, మినుకు ఎరుపంటే ఎయిర్‌ఫీల్డ్ సురక్షితం కాదు, దిగకూడదు.

సోలోకి ముందు ఒక సార్టీ మొత్తం నువ్వు రేడియో ముట్టకు. అందులో గో అరౌండ్, ఆర్బిట్, డౌన్‌విండ్ పొడిగించడం, మూడూ రావాలి. వాటంతటవి రాకపోతే బయల్దేరే ముందే టవర్‌కి ఫోన్ చేసి అడుగు. ట్రాఫిక్ తక్కువున్న పూట కాదనరు. సోలో రోజు మళ్లీ ఫోన్ చేసి, వచ్చేది మొదటిసారి ఒంటరిగా ఎగిరే కుర్రాడని చెప్పు, పొడుగాటి క్లియరెన్సులు ఇవ్వకుండా ఉంటారు.

ఆశీస్సులతో.