అమ్మానాన్నల్ని అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్లేముందు

ప్రశ్న: ఇండియా నుంచి మా దగ్గరికి వస్తున్న అమ్మానాన్నల్ని సియాటిల్ నుంచి అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్లాలని ఉంది. ఇద్దరికీ 70 దాటాయి, శాకాహారులు. ఏడు రోజులు ఓడలో విసుగెత్తిపోరూ?

తీసుకెళ్లండి. రెండేళ్ల క్రితం జూన్‌లో మావాళ్లని సరిగ్గా అదే ట్రిప్‌కి తీసుకెళ్లాను. విసుగు సంగతి తర్వాత, ముందు కెనడా వీసా సంగతి చూడండి.

అమెరికాలో ఎక్కి అమెరికాలోనే దిగే ఓడకి కెనడా వీసా దేనికి? నేనూ అదే అడిగాను. 1886 నాటి అమెరికా చట్టం ఒకటుంది. విదేశీ జెండా కట్టిన ఓడ కేవలం అమెరికా రేవుల మధ్యే ప్రయాణికుల్ని తిప్పకూడదు, దారిలో ఒక్కచోటైనా వేరే దేశపు రేవులో ఆగాలి. ఈ పెద్ద ఓడలు దాదాపు అన్నీ బహామాస్, పనామా లాంటి దేశాల్లో రిజిస్టరైనవే. అందుకని మధ్యలో ఒక కెనడా రేవు తగిలిస్తారు, ఎక్కువగా విక్టోరియా, అదీ కొన్ని గంటలకి. మీరు ఊళ్లోకి దిగినా, గదిలో పడుకున్నా, ఇండియన్ పాస్‌పోర్టుకి వీసా ఉండాల్సిందే. (మీకు గ్రీన్‌కార్డు ఉంటే మీకు అక్కర్లేదు, వాళ్లకి కావాలి.)

మాకు బుక్ చేసిన ఏజెంటు ఈ ముక్క చెప్పనేలేదు. ఆఫీసులో ఒకాయన ఏదో మాటల్లో అన్నాడు కాబట్టి సరిపోయింది. వేలిముద్రలకి ఇద్దర్నీ తిప్పి, పాస్‌పోర్టులు పంపి, అవి చేతికొచ్చేసరికి ఇంకా తొమ్మిది రోజులే ఉంది. ఆ టెన్షన్ మీకొద్దు. రేవులో మా ముందు లైన్లో ఉన్న ఒక కుటుంబానికి అంత అదృష్టం లేకపోయింది. కొడుకు కౌంటర్ దగ్గర బతిమాలుతున్నాడు, పెద్దావిడ పెట్టె మీద కూర్చుని అతని ముఖంలోకే చూస్తోంది. వాళ్లని ఎక్కనివ్వలేదు.

ఇక ఓడ ఊగడం గురించి. సియాటిల్ ఓడలు మామూలుగా వాంకూవర్ దీవికి పడమటి వైపు నుంచి, అంటే బయటి సముద్రంలోంచి పోతాయి. వాంకూవర్‌లో ఎక్కితే దీవుల మధ్య దారి, నీళ్లు చాలావరకు చెరువులా ఉంటాయి. మాకు రెండో రోజంతా ఊగింది. నాన్న మధ్యాహ్నం భోజనం మానేశారు. ఓడవాళ్లు పచ్చ ఆపిల్ ముక్కలు ఇచ్చారు, అమ్మ తన సంచిలోంచి ఉసిరి ఒరుగు తీసిచ్చింది. ఏది పనిచేసిందో గానీ సాయంత్రానికి లేచి కూర్చున్నారు. కింది అంతస్తులో, ఓడకి నడిమధ్యన ఉన్న గది తీసుకోండి. ఎక్కడో పైన, కొసన ఉన్న బాల్కనీ గది చూసి మోజుపడకండి, ఊపంతా అక్కడే.

తిండికి ఇబ్బంది లేదు. మొదటి రాత్రే డైనింగ్ హాల్లో హెడ్ వెయిటర్‌కి చెప్పాం, గోవా ఆయన. మర్నాటి నుంచి రోజుకో పప్పు, ఓ కూర. కారం మాత్రం వాళ్ల లెక్కలో ఉంటుంది, కందిపొడి మీరే పెట్టుకోండి. అన్నం, పెరుగు బఫేలో దొరికాయి. అమ్మ నాకు చెప్పకుండా చిన్న రైస్ కుక్కర్ చీరల మధ్య పెట్టింది. ఓడల్లో నిప్పు భయంతో ఇలాంటివి రానివ్వరు. స్కానింగ్‌లో పట్టుకుని, చీటీ కట్టి, దిగే రోజు తీసుకోమన్నారు. ఆ రాత్రంతా ఆవిడకి నా మీదే కోపం.

మీరు ఇంకోటి గమనించండి. ఒకప్పుడు క్రూయిజ్ అంటే రిటైరైన దొరలూ దొరసానులూ. ఇప్పుడు మూడు తరాలు కలిసి ఎక్కుతున్నాయి. 2024లో ప్రపంచమంతా కలిపి 3.4 కోట్ల మందికి పైగా ఎక్కారు, కోవిడ్‌కి ముందు 2019లో అది దాదాపు 3 కోట్లు. ఓడలూ అలాగే ఉబ్బాయి. టైటానిక్ 46 వేల టన్నులైతే, 2024లో వచ్చిన ఐకాన్ ఆఫ్ ది సీస్ 2 లక్షల 48 వేలు. నీటి జారుడుబల్లలు, మంచు మీద డాన్సులు, అంగళ్లు, ఊరే తేలుతున్నట్టు. మావాళ్లకి అవేవీ పట్టలేదు. ఎలివేటర్ నుంచి బఫేకి నడిచే దూరమే వాళ్లకి కొలత. మరీ పెద్ద ఓడ తీసుకోకండి, ఆ డబ్బు ఓడ వెళ్లే దారి మీద పెట్టండి. గ్లేసియర్ బే (హిమానీనదాలున్న నేషనల్ పార్క్) ఉన్న ట్రిప్ చూడండి. అక్కడికి రోజుకి రెండే పెద్ద ఓడల్ని రానిస్తారు. అలాస్కా రాజధాని జూనో ఊరివాళ్లయితే విసిగిపోయి, 2024 నుంచి రోజుకి అయిదు పెద్ద ఓడలు చాలన్నారు. 32 వేల జనాభా ఉన్న ఊరది. ఆ ఇరుకు వీధుల్లో మనుషుల్ని తోసుకుంటూ నడిచాక, వాళ్ల బాధ న్యాయమే అనిపించింది.

గ్లేసియర్ బేలో ఓడ హిమానీనదం ఎదురుగా ఆగింది. పార్క్ రేంజర్ మైకులో చెబుతున్న మాటలు కూడా ఆపేశారు. వందల మంది డెక్కు మీద, దుప్పట్లు కప్పుకుని, ఒక్కరూ మాట్లాడరు. నీలంగా ఉన్న గోడలోంచి ఓ ముక్క ఊడి జారింది. చప్పుడు లేదు. ఏమీ వినపడలేదేమని నాన్న నా వైపు తిరిగేలోపు ఢామ్మని మోగింది. "తాటాకు టపాకాయలాగుందే" అన్నారు.

కాసేపాగి వాళ్ల తాత సంగతి ఎత్తారు. ఆయన కళింగపట్నం రేవులో స్టీమరెక్కి రంగం (బర్మాలోని రంగూన్) వెళ్లాడట, రైసు మిల్లులో పనికి. టికెట్ డెక్కుకే, మూటే తలగడ. "ఆయనకి గది లేక డెక్కు మీద పడుకున్నాడు, మనం గదికి అంత డబ్బు పోసి డెక్కు మీదే కూర్చున్నాం" అని నవ్వారు. తనకి 75 ఏళ్లు వచ్చేదాకా నాన్న ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు.

ఖర్చుల్లో టికెట్ ఒక్కటే చూసుకోకండి. టిప్పుల పేరుతో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా బిల్లులో వాళ్లే కలుపుతారు, వైఫై వేరే. ఇన్సూరెన్స్ మాత్రం మానొద్దు, ఓడ డాక్టరు ఫీజు మామూలుగా ఉండదు.

మీవాళ్లు ఎప్పుడు దిగుతున్నారో రాయలేదు. ఈ వేసవికే అయితే క్రూయిజ్ కంటే ముందు కెనడా అప్లికేషన్ పెట్టేయండి.