ఫ్లోర్ బ్రోకర్‌ని 'నేల దళారి' అనవచ్చా?

సందేహం: మా చిన్నాన్న బొంబాయి షేర్ మార్కెట్లో చాలా ఏళ్లు ఫ్లోర్ బ్రోకర్‌గా, అంటే మార్కెట్ హాల్లో ఉండి ఇతరుల కోసం షేర్లు కొని అమ్మే బ్రోకర్‌గా పనిచేశారు. ఆయన సహస్ర చంద్రదర్శనం కార్డులో వేయడానికి పరిచయం రాస్తూ 'నేల దళారి' అన్నాను. ఇంట్లో అందరూ నవ్వారు. పిన్ని మాత్రం నొచ్చుకుంది. దళారి అంటే తిట్టా? దళారీ అని దీర్ఘం ఉండాలా? ఇంకో తెలుగు మాట ఉందా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: మీ పిన్నిగారు నొచ్చుకోవడంలో వింతేమీ లేదమ్మా. తిరుపతిలో దళారి అనగానే గుర్తొచ్చేది దర్శనం టికెట్లు ఇప్పిస్తానని వెంటపడే మనిషి. దళారులను నమ్మవద్దని దేవస్థానం వాళ్లు చెబుతూనే ఉంటారు. టమాటా ధర పడినా, తోతాపురి మామిడి ధర పడినా పేపర్లో మొదట తిట్లు తినేదీ దళారే. అలాంటి మాటను ఎనభై దాటిన పెద్దాయన పేరు పక్కన వేస్తే ఎవరికి నచ్చుతుంది?

పుట్టుకలో మాత్రం దానికి ఏ మచ్చా లేదు. అరబ్బీలో 'దల్లాల్'. దారి చూపడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మన దాకా వచ్చింది. బొంబాయిలో ఏకంగా వీధికే దలాల్ స్ట్రీట్ అని పేరు. మన నోట్లో పడి వ్యాపారి, పూజారి వరసలో దళారి అయింది. కాబట్టి వ్యాపారులు లాగే దళారులు. 'దళారీ వ్యవస్థ' లాంటి చోట పత్రికలు దీర్ఘం ఇస్తాయి. విడిగా రాసేటప్పుడు హ్రస్వం చాలు.

అసలు చిక్కు 'నేల'తో. ఫ్లోర్ అంటే ఇక్కడ కాలి కింది గచ్చు కాదు, కొనుగోళ్లూ అమ్మకాలూ జరిగే హాలు. తెలుగువాడికి నేల అనగానే నేల టికెట్టే గుర్తొస్తుంది, మీ ఇంట్లో నవ్వింది అందుకే. బొంబాయిలో ఆ చోటును 'రింగ్' అనేవారు. 1995లో కంప్యూటర్ తెరలు వచ్చేదాకా బ్రోకర్లు అందులో నిలబడి, గొంతు చించుకుని ధరలు అరుస్తూ, చేతులు ఊపుతూ బేరాలు కుదుర్చుకునేవారు.

చేతులంటే గుర్తొచ్చింది. చిన్నప్పుడు మా చిత్తూరు పక్క పశువుల సంతలో దళారి బేరం చూశాను. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పేవాడు. కింద వేళ్లు పట్టుకుని ధర చెప్పుకునేవారు. పైకి ఒక్క అంకె వినబడేది కాదు, మొహంలోనూ ఏమీ తెలిసేది కాదు. కాసేపటికి తువ్వాలు భుజానికెక్కేది, ఎద్దు పగ్గం చేయి మారేది. షేర్ మార్కెట్లో ఇందుకు సరిగ్గా తలకిందులు. అక్కడ వేళ్లు అందరికీ కనబడాల్సి ఉండేది. చికాగో మార్కెట్లో అయితే అరచేయి తనవైపు తిప్పితే కొంటానని, బయటికి తిప్పితే అమ్ముతానని అర్థం.

ఇక వేరే మాటలు. 'మధ్యవర్తి' కుదరదు. తగవు తీర్చేవాడూ మధ్యవర్తే, కమీషన్ సంగతి ఆ మాటలో లేదు. 'మారుబేరగాడు' అసలు కుదరదు. అతను తన డబ్బుతో కొని, లాభానికి తిరిగి అమ్ముకుంటాడు. షేర్ మార్కెట్లో ఆ పని చేసేవాణ్ని జాబర్ అనేవారు. ఫ్లోర్ బ్రోకర్ కొనేది, అమ్మేది ఇతరుల కోసం, తనకు దక్కేది కమీషన్. దీనికి అతికినట్టు సరిపోయే మాట పాత నిఘంటువుల్లో ఉంది: 'తరగరి'. తరగు అంటే కమీషన్. తమిళంలో 'తరగర్' నేటికీ వాడుకలో ఉంది కాబట్టి మన సరిహద్దు పల్లెల వాళ్లకు అర్థమవుతుంది. నాకు ఇష్టమైన మాటే, కానీ కార్డు చదివే నలుగురిలో ముగ్గురు అచ్చుతప్పు అనుకుంటారు.

'బ్రోకర్' కూడా ఒట్టిగా వాడితే తెలుగులో తిట్టే అయి కూర్చుంది. ముందు షేర్ అని చేరిస్తే ఆ దోషం పోతుంది. అందుకని ఇలా రాయండి: 'బొంబాయి షేర్ మార్కెట్ రింగులో నిలబడి, ఇతరుల తరఫున షేర్లు కొని, అమ్మిన షేర్ బ్రోకర్'. కాస్త పొడుగే, అయినా చేసిన పని తెలుస్తుంది. కార్డు ఇంకా ప్రెస్సుకు వెళ్లకపోతే ముందు 'నేల' తీసేయండి. 'దళారి' సంగతిలో పిన్నిగారి మాటే ఖాయం చేసుకోండి.