బల్లారట్‌కి ఒక్క రోజు: అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి

ప్రశ్న: అక్కా, మేము మెల్‌బోర్న్ వచ్చి ఎనిమిది నెలలైంది. అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చారు. గ్రేట్ ఓషన్ రోడ్, ఫిలిప్ ఐలాండ్ చూపించేశాం. ఆఫీసులో అందరూ బల్లారట్ వెళ్లమంటున్నారు. పాత బిల్డింగులు తప్ప అక్కడ ఏముంది? ఒక్క రోజులో అవుతుందా?

జవాబు: తమ్ముడూ, తప్పకుండా అవుతుంది. నన్నడిగితే కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబం సముద్రం కంటే ముందు చూడాల్సిన ఊరు, మెల్‌బోర్న్‌కి పడమరనున్న ఈ పాత బంగారు గనుల బల్లారట్. నేను మాత్రం వచ్చిన నాలుగేళ్లకి గానీ వెళ్లలేదు. ఆ నాలుగేళ్లూ వీసా టెన్షన్‌తోనే గడిపాను. ముందే వెళ్లి ఉంటే మనసు కొంత కుదుటపడేదని ఇప్పటికీ అనుకుంటాను. ఎందుకో చెప్తాను.

1851 ఆగస్టులో అక్కడ బంగారం బయటపడింది. అది అక్కడి ఆదివాసులైన వాదవరుంగ్ ప్రజల నేల. కొన్ని నెలల్లోనే ఇంగ్లండ్, ఐర్లండ్, జర్మనీ, అమెరికా, చైనా నుంచి జనం వచ్చి పడ్డారు. గుడారాలు వేసుకుని తవ్వుకునే ఆ మనుషుల దగ్గర ప్రభుత్వం నెలకి 30 షిల్లింగుల లైసెన్సు రుసుము పెట్టింది. బంగారం దొరికినా దొరకకపోయినా కట్టాల్సిందే. పోలీసులు ఎప్పుడు పడితే అప్పుడు వచ్చి కాగితం చూపించమనేవాళ్లు. ఓటు మాత్రం లేదు.

1854 నవంబరు 29న బేకరీ హిల్ మీద వాళ్లంతా చేరి లైసెన్సులు తగలబెట్టారు. పీటర్ లేలర్ అనే ఐరిష్ యువకుడు ముందు నిలబడ్డాడు. కర్రలతో దడి కట్టుకుని లోపల కాపు కాశారు. డిసెంబరు 3, ఆదివారం, ఇంకా తెల్లవారకముందే సైనికులు, పోలీసులు వచ్చి మీద పడ్డారు. అరగంట కూడా పట్టలేదు. తవ్వుకునేవాళ్లలో కనీసం 22 మంది చనిపోయారు. లేలర్ ఎడమ చెయ్యి తీసేయాల్సి వచ్చింది. పదమూడు మంది మీద రాజద్రోహం కేసు పెడితే, జ్యూరీ ఒక్కరిని కూడా దోషి అనలేదు. మొదట విడుదలైన జాన్ జోసెఫ్ అమెరికా నుంచి వచ్చిన నల్లజాతి మనిషి. అతన్ని మెల్‌బోర్న్ వీధుల్లో జనం ఊరేగించారు. మరుసటి ఏడాది నెలవారీ లైసెన్సు రద్దైంది. ఏడాదికి ఒక పౌను కట్టే కొత్త హక్కుపత్రం వచ్చింది, దాంతోపాటే ఓటు. చెయ్యి పోయిన ఆ లేలరే శాసనసభలో అడుగుపెట్టి, తర్వాత స్పీకర్ అయ్యాడు.

ఆ పోరాటం జరిగిన చోటి పేరు యురేకా. ఆ తిరుగుబాటులో ఎగరేసిన జెండాని ఇప్పుడు యురేకా సెంటర్‌లో ఉంచారు. మొదట అక్కడికే వెళ్లండి, గంట చాలు. గదిలో వెలుతురు తక్కువగా ఉంటుంది, బట్ట పాడవకుండా. నీలం గుడ్డ మీద తెల్లటి సిలువ, ఐదు నక్షత్రాలు. దగ్గరికెళ్లి చూస్తే అంచులు సరిగ్గా ఉండవు. గుర్తుగా దాచుకుందామని ఒక్కొక్కరూ ముక్క కత్తిరించుకుని పోయారు. దాదాపు మూడో వంతు ఇప్పుడు లేదు. సదరన్ క్రాస్ అంటే దక్షిణాది ఆకాశంలో కనిపించే నక్షత్రాల గుంపు. మీరు మెల్‌బోర్న్‌లో రైలెక్కే సదరన్ క్రాస్ స్టేషన్ పేరూ, ఆ జెండా మీది నక్షత్రాలూ అవే. అది తెలిశాక ఆ పేరు నాకు మామూలుగా వినబడటం మానేసింది.

ఇదంతా సాఫీ కథ అని మాత్రం అనుకోకండి. 1855లో విక్టోరియా (మెల్‌బోర్న్, బల్లారట్ ఉన్న ప్రాంతం) ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఓడలో దిగే ప్రతి చైనా మనిషికీ పది పౌన్ల పన్ను. అది తప్పించుకోవడానికి వాళ్లు పక్కనున్న సౌత్ ఆస్ట్రేలియాలో రోబ్ అనే చిన్న రేవులో దిగి, సామాను కావిళ్లు భుజాన వేసుకుని, 400 కిలోమీటర్లు పైగా నడిచి బంగారం దొరికే చోట్లకి చేరారు. ఒకరిద్దరు కాదు, వేల మంది. అలా నడుస్తూ వచ్చినవాళ్లకే 1857లో దారిలో బంగారం దొరికింది, దాంతో అరారట్ ఊరు పెరిగింది. బ్రిడ్జింగ్ వీసా (కొత్త వీసా తేలేదాకా ఇచ్చే తాత్కాలిక వీసా) మీద ఉన్నప్పుడు నాకు ఆ నడక చాలాసార్లు గుర్తొచ్చేది.

ఆ తర్వాత సావరిన్ హిల్. 1850ల నాటి ఊరిని మళ్లీ కట్టి, 1970లో తెరిచారు. టిక్కెట్టు ఖరీదైనదే, అందుకే సగం రోజైనా అక్కడ గడపాలి. గుర్రపుబండ్లు, ఎర్ర కోట్ల సిపాయిల తుపాకీ కాల్పులు, కళ్లముందే బంగారం కరిగించి కడ్డీ పోయడం, కొవ్వొత్తుల దుకాణం, పాత మిఠాయి కొట్టు, చైనావాళ్ల గుడారాలు అన్నీ ఉంటాయి. 1858లో దొరికిన ‘వెల్కమ్ నగెట్’ కథ గనిలోపల చెప్తారు. దాదాపు 69 కిలోల ఒకే ముద్ద!

మా అమ్మ పుట్టింది కోలారు బంగారు గనుల కార్మికుల లైన్లలో. మా తాతయ్య అక్కడ భూమిలోపల పనిచేశాడు. అక్కడ తెలుగు, తమిళ కుటుంబాలే ఎక్కువ. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. అమ్మని సావరిన్ హిల్ గనిలోకి తీసుకెళ్తే, గైడు ఒక నిమిషం దీపాలార్పాడు. చిమ్మచీకటి. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా, “నాన్న రోజూ ఇందులోకా వెళ్లింది” అంది. అరవై రెండేళ్ల మనిషి, వాళ్ల నాన్న పనిచేసిన చోటు ఎలా ఉంటుందో ఇంకో ఖండంలో తెలుసుకుంది.

బయటికొచ్చాక వాగు దగ్గర పళ్లేలు ఇస్తారు, ఇసుక కడిగి బంగారం వెతుక్కోవచ్చు. నిజమైన బంగారమే, దొరికింది మనదే. నేనూ పిల్లలూ నీళ్లు చిమ్ముకుంటూ అరగంట తంటాలు పడ్డాం. అమ్మ చూసి చూసి పళ్లెం తీసుకుంది. బియ్యం గాలించినట్టు వంచి, ఒక్క తిప్పు తిప్పి, పైనీళ్లు వంపి, మళ్లీ తిప్పింది. నాలుగో సారికి నల్ల ఇసుక అంచున ఆవగింజలో సగం లేని మెరుపు. పక్కనున్న ఆస్ట్రేలియా ఆవిడ వచ్చి, ఎలా తిప్పుతున్నారో చూపించమని అడిగింది. అమ్మకి ఇంగ్లీషు రాదు, చేత్తో చూపించింది. ఆ రేణువుని నీళ్లు పోసిన చిన్న గాజు సీసాలో కుప్పం పట్టుకెళ్లింది.

ఇక మీ ప్రయాణం సంగతి. కారైతే వెస్టర్న్ ఫ్రీవే మీద 115 కిలోమీటర్లు, టోల్ లేదు, గంటన్నర లోపే. రైలైతే సదరన్ క్రాస్ నుంచి వీలైన్ (దూరపు ఊళ్లకి నడిచే రైళ్ల సంస్థ) బండి, సుమారు గంటన్నర. మెల్‌బోర్న్ రైళ్లు, బస్సులకి వాడే మైకీ కార్డే పనిచేస్తుంది. 2023 మార్చి నుంచి దూరప్రాంత రైళ్లకీ మెల్‌బోర్న్ రోజువారీ టిక్కెట్ ధరే పరిమితి, కాబట్టి డబ్బు భారం కాదు. దిగాక కార్డుని యంత్రానికి తాకించి టచ్ ఆఫ్ చేయడం మరవకండి. వారాంతాల్లో పట్టాల పనులుంటే రైలు బదులు బస్సు వేస్తారు, ముందురోజు రాత్రి యాప్‌లో చూసుకోండి. సావరిన్ హిల్‌కి సోమవారం సెలవు ఉండే కాలం ఉంది, అది కూడా చూసుకోండి. లోపల దారులు మట్టివి, ఎత్తుపల్లాలు ఉంటాయి. నాన్నగారికి మోకాళ్ల నొప్పి ఉంటే ఏ గనిలోకి మెట్లు తక్కువో కౌంటర్‌లో అడగండి.

చలి మాటకొస్తే, ఊరు సముద్రమట్టానికి 400 మీటర్లకు పైన ఉంటుంది. మొదటిసారి జులైలో (ఇక్కడ అది చలికాలం) పల్చటి జాకెట్లతో వెళ్లాం, నాన్న పది రోజులు దగ్గాడు. మెల్‌బోర్న్‌లో ఎండ ఉన్నా స్వెట్టరు, మంకీ క్యాపు తీసుకెళ్లండి. పెద్దవాళ్లు వద్దంటారు, అయినా సంచిలో పెట్టండి.

తిండికి పులిహోర, దద్దోజనం కట్టుకెళ్లడమే మేలు. చాలా కాఫీ హోటళ్లలో వంటగది మధ్యాహ్నం మూడు లోపే మూసేస్తారు. వెండూరీ చెరువు గట్టున కూర్చుని తినండి. 1956 ఒలింపిక్స్ పడవ పందేలు అక్కడే జరిగాయి. పక్కనే బొటానికల్ గార్డెన్, ప్రధానమంత్రుల విగ్రహాల వరుస, రెండూ ఉచితం. సావరిన్ హిల్ టిక్కెట్లు ఇంటిల్లిపాదికీ భారమనిపిస్తే దాన్ని ఈసారికి వదిలేసి, యురేకా సెంటర్, తోట, లిడియర్డ్ వీధి పెట్టుకోండి. ఆ వీధిలో 1875 నాటి నాటకశాల, 1884లో మొదలైన ఆర్ట్ గ్యాలరీ ఉన్నాయి. మీరన్న పాత బిల్డింగులు అవే. బంగారం డబ్బుతో కట్టినవి, తల పైకెత్తి నడవండి, అందమంతా పై అంతస్తుల్లో ఉంటుంది.

ఒక మాట పక్కన. మీరు 491 వీసా (పెద్ద నగరాల బయట, ‘రీజనల్’ ప్రాంతాల్లో ఉండి పనిచేసేవాళ్లకి ఇచ్చేది) గురించి ఆలోచిస్తుంటే, బల్లారట్ రీజనల్ కిందికి వస్తుంది, మెల్‌బోర్న్ రాదు. వెళ్లినప్పుడు సూపర్ మార్కెట్, స్కూళ్లు, అద్దె ఇళ్ల బోర్డులు కూడా ఓ కన్నేసి రండి.

తిరుగు ప్రయాణం చీకటి పడకముందే మొదలుపెట్టండి, సాయంత్రం వేళ కంగారూలు రోడ్డు మీదికి దూకుతాయి. దారిలో బ్యాకస్ మార్ష్ దగ్గర ఫ్రీవే దిగితే, రెండు వైపులా పెద్ద చెట్లున్న రోడ్డు పక్కన పళ్ల కొట్లు కనిపిస్తాయి. యాపిల్స్ బాగుంటాయి. డిసెంబరులో వెళ్తే చెర్రీలు ఒక పెట్టె తీసుకోండి.